రెండోసారి ఊదిన రాత్రి

తాగి బండి నడుపుతూ మొదటిసారి పట్టుబడినప్పుడు జరిమానా నేను కట్టలేదు. నా భార్య చీటీ కట్టింది.

2022 జనవరి అది. చిత్తూరులోనే, గాంధీ విగ్రహానికి కూతవేటు దూరంలో ఊదించారు. కొన్నాళ్లకు కోర్టు. రేషన్ షాపు ముందర నిలబడినట్టు ముప్పై నలభై మందిమి వరసలో ఉన్నాం. పేరు పిలిచేది, తప్పు ఒప్పుకుంటావా అని అడిగేది, ఒప్పుకుంటా అనేది, పదివేలు కట్టేది. మనిషికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పాప కమ్మల కోసం మా ఆవిడ పాడుకున్న చీటీ డబ్బు అది. బయటికొచ్చాక వరసలో నా ముందున్నాయన, వెనకున్నాయన, నేను టీ తాగుదామని బయల్దేరాం. టీ తాగలేదు. ఆ మధ్యాహ్నమే ముగ్గురం తలా కొంచెం వేసుకుని క్వార్టర్లు తెచ్చుకున్నాం. పదివేలు పోయిన బాధలో ఉన్నాం కదా, తాగడానికి అంతకంటే మంచి కారణం ఏముంటుంది.

నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. మే చివర మొదలై జూలై దాకా తోతాపురి సీజన్. గేటు బయట ట్రాక్టర్లు, లారీలు కిలోమీటరు వరస ఉంటాయి. పగలూ రాత్రీ తేడా లేదు. షిఫ్టు దిగాక ఒళ్లంతా మామిడి జిగట, చెవుల్లో బెల్టు చప్పుడు. ఆ చప్పుడు పోవాలంటే మందు పడాల్సిందేనని పదేళ్లు నమ్మాను. సీజన్ అయిపోయాక చప్పుడు పోయింది, మందు పోలేదు. కానీ నా లెక్కలో నేను తాగుబోతును కాదు. రోడ్డు మీద పడిపోయింది లేదు, ఎవర్నీ కొట్టింది లేదు, డ్యూటీ ఎగ్గొట్టింది లేదు. బండి మీదే పోయి బండి మీదే ఇంటికి చేరేవాణ్ణి, అది గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

మానడానికి ప్రయత్నించలేదని కాదు. కాణిపాకం మాకు పక్కనే. ఆ వరసిద్ధి వినాయకుడి ముందర అబద్ధపు ప్రమాణం చేస్తే ఊరుకోడని మా వైపు చిన్నపిల్లోణ్ణి అడిగినా చెబుతాడు. కోనేట్లో మునిగి తడిబట్టలతో రెండుసార్లు ప్రమాణం చేశాను. మొదటిది ఆరు వారాలు నిలిచింది. రెండోది పదకొండు రోజులు. అయ్యప్ప మాల ఏటా వేసేవాణ్ణి. 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. మాల తీసిన రోజు సాయంత్రం ఎక్కడుండేవాణ్ణో మా వీధిలో అందరికీ తెలుసు. 2023లో మాల వేసిన మొదటి మూడు రోజులు చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట. కార్తీకమాసం చన్నీళ్లు పడలేదని గురుస్వామి అన్నాడు. నేనూ అదే అనుకున్నా.

2024 జూలై రెండో శనివారం, జీతం రోజు. ఏడున్నరకి షాపు దగ్గర ఒక క్వార్టర్ కొట్టి, ఎవరో ముక్కూ ముఖం తెలియనాయనతో ఇంకో కటింగ్ వేశాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, క్వార్టర్ని ఇద్దరు చెరి సగం పంచుకోవడమే కటింగ్. పదిన్నరకి పూతలపట్టు రోడ్డులో బ్యారికేడ్లు. వెనక్కి తిప్పుదామనుకునే లోపల టార్చి లైటు మొహం మీద పడింది.

కవర్లోంచి కొత్త ప్లాస్టిక్ గొట్టం తీసి మిషన్‌కు పెట్టాడు కానిస్టేబుల్. నేను నోట్లో పెట్టుకుని ఊదినట్టు నటించాను.

"అట్ల గాదప్పా, పిల్లోడు బుడగ ఊదినట్టు ఊదతా ఉండావు. ఆపకుండా ఊదు. నాకు రాత్రంతా టైం ఉండాది."

ఊదాను. కుయ్‌మంది. చిన్న చీటీ బయటికొచ్చింది. 142. వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. "ఐదింతలకి కొంచెం తక్కువ సార్" అని ఆ కానిస్టేబుల్ ఎస్సైకి లెక్క చెప్పాడు. బండి పక్కన పెట్టించి, ఇంట్లోవాళ్లని పిలవమన్నారు. మా మామ వచ్చాడు. మామంటే మా అమ్మకు సొంత తమ్ముడు, నాకు పిల్లనిచ్చినాయన. అరవై ఏడేళ్లు. టీవీఎస్ ఎక్సెల్ మీద, తలకి తువ్వాలు చుట్టుకుని, ఆ గుడ్డి లైటుతో పన్నెండు కిలోమీటర్లు వచ్చాడు. ఒక్క మాట అనలేదు. "కూసో" అన్నాడు అంతే. ఆయన నడుము పట్టుకుని వెనక కూర్చున్నా. ఆ ముసలాయన ఊపిరి నా చేతికి తగులుతా ఉంటే, ఊదిన మిషన్ కంటే అదే ఎక్కువ అనిపించింది.

లాయరమ్మ మా ఊరి పిల్లే, నాకంటే చిన్నది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "అన్నా, రెండోసారి గదా, 185 సెక్షన్ కింద రెండేండ్ల దాకా జైలు, పదిహేను వేల జరిమానా, రెండూ అయినా వెయ్యొచ్చు. చాలామటుకు జరిమానాతో పోతాది. కట్టేస్తే ఈ నెలలోనే అయిపోతాది. ఇంకో దారి ఉండాది గానీ అది ఏడాదికి తక్కువ లేదు."

మా ఆవిడ అక్కడే ఉంది. "ఏడాదిదే చెప్పు పాపా" అంది. నన్ను అడగలేదు.

ఆ దారి పేరు ప్రొబేషన్. 1958 నాటి చట్టం. తప్పు రుజువయ్యాక శిక్ష వెయ్యకుండా, బాండు రాయించుకుని, ప్రొబేషన్ అధికారి కనిపెట్టుకుని ఉండేలా మనిషిని వదిలిపెట్టే అధికారం అందులో కోర్టుకి ఉంది. మత్తుకు దూరంగా ఉండాలనే షరతు పెట్టవచ్చని ఆ చట్టంలోనే రాసి ఉంది. మోటారు వాహనాల చట్టం 185లో చూస్తే జైలు, జరిమానా తప్ప వైద్యం అనే మాటే లేదు. ప్రొబేషన్ హక్కు కాదు, మేజిస్ట్రేటు ఇస్తే ఇచ్చినట్టు. లాయరమ్మ నన్ను మూడుసార్లు అడిగింది, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని. లేదన్నాను. తగిలి ఉంటే ఈ మాటే ఎత్తనంది. బండి కింద ప్రాణం పోయిన కేసుల్లో డ్రైవర్ల మీద ఈ జాలి చూపించొద్దని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందట.

లైసెన్సు సంగతి వేరే. అది పోయింది. ప్రొబేషన్‌కు అడిగాం కదా అది ఉంటుందేమోనని ఆశపడ్డా గానీ, ఉండలేదు.

ప్రొబేషన్ అధికారి రిపోర్టు కావాలంది కోర్టు. ఆయన మా ఇంటికొచ్చాడు. జీతం చీటీ చూశాడు, పాప స్కూలు ఫీజు అడిగాడు, ఎదురింటాయన్ని పలకరించాడు. తర్వాత మా ఆవిడతో వంటింటి గడప దగ్గర మాట్లాడాడు. నేను వసారాలో ఉన్నా. వినిపించింది. "బండి స్టాండు ఏసిన చప్పుడు ఇనిపిచ్చేదాకా నిద్ర పట్టదు సార్. పదేండ్లుగా అంతే. ఒకోరోజు స్టాండు చప్పుడు ఇనిపిస్తాది గానీ తలుపు దగ్గరికి రాడు. అప్పుడు లేసిపోయి చూస్తా, బండి మీదే నిద్రపోయి ఉంటాడు." పెళ్లయి పన్నెండేళ్లు. ఆమె మేలుకుని ఉంటుందన్న సంగతి నాకు తెలీదు. తెలీదంటే నిజంగానే తెలీదు. నేను వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉండేది.

ఇక్కడ ఇంకో ముచ్చట. వైద్యం అనగానే నేను భయపడింది జైలుకు భయపడిన దానికంటే ఎక్కువ. దానికి కారణముంది. 2023లో మా బంధువు ఒకాయన మాట విని నన్నొక ప్రైవేటు కేంద్రంలో పడేశారు. ఊరు, పేరు చెప్పను. తెల్లారుజామున నలుగురు వచ్చి కారెక్కించారు. మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. అక్కడ డాక్టరు మొహం నేను రెండుసార్లు చూశా. ఎదురు మాట్లాడినోణ్ణి మంచానికి కట్టేసేవాళ్లు. గొలుసుతో. మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చింది, తాగుడు సమస్యకూ అది వర్తిస్తుంది, గొలుసులు వెయ్యడం అందులో పూర్తిగా నిషేధం. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అక్కడి నుంచి వచ్చిన రోజే తాగాను, కసితో తాగాను. పునరావాసం అని బోర్డు పెట్టిన ప్రతిచోటా పునరావాసం ఉండదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది, తాగేవాడికి కాదు.

మా అమ్మ ఇంకో రకం. పేపర్లో ప్రకటన చూసి, తాగుడు మాన్పించే పొడి తెప్పించి నాకు తెలీకుండా పులుసులో కలిపింది. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంటుంది. అది ఒంట్లో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూసుకుంటూ ఇవ్వాల్సిన మాత్ర అది. అమ్మ కలిపిన పొడిలో ఏముందో దేవుడికెరుక. ఏమీ లేకపోవడం నా అదృష్టం అన్నాడు డాక్టరు.

ఈసారి వైద్యానికి తిరుపతిలో ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో పది రోజులున్నాను. చేర్చుకునేటప్పుడు పది ప్రశ్నల కాగితం ఒకటి నింపించారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసినదట. మొత్తం 40 మార్కులు. ఎనిమిది వస్తేనే జాగ్రత్త పడమంటారు. నాకు 27. చదువులో ఎప్పుడూ అంత శాతం రాలేదని జోకేశాను. ఆ డాక్టరమ్మ నవ్వలేదు. "చివరిసారి ఎప్పుడు తాగారు?" అంది. రాత్రి పది గంటలకు. చేతులు చాచమంది. వేళ్లు చింతాకుల్లా ఆడుతున్నాయి.

బాగా అలవాటైన ఒంటికి మందు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఇంట్లో గదిలో వేసి తాళం పెట్టి మాన్పిద్దామనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. మాల వేసినప్పటి వణుకు చన్నీళ్లది కాదని నాకు అప్పుడు అర్థమైంది. బి-1 విటమిన్ ఇంజెక్షన్లు, నిద్రకూ వణుక్కీ మాత్రలు రోజురోజుకీ తగ్గిస్తూ ఇచ్చారు. రెండో రాత్రి వార్డు కప్పు మీద మామిడికాయలు దొర్లుతూ కనిపించాయి. బెల్టు మీద వచ్చినట్టే, వరసగా. కుళ్లినవి ఏరేయమని మా ఆవిణ్ణి కేకలేశానట. ఆమె నిలబడి గాల్లో ఏరిందట, నేను ఊరుకునేదాకా. అది నాకు గుర్తులేదు, పక్క మంచం ఆయన చెప్పాడు.

నన్ను నిజంగా కుదిపేసింది మాత్రం ఒక లెక్క. కౌన్సిలర్ సారు తెల్లకాగితం మీద వేశాడు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో 42.8 శాతం ఆల్కహాలు. తూకంలో అరవై గ్రాములు. నా బరువున్న మనిషికి అది రక్తంలో దాదాపు 130 దాకా తీసుకుపోతుంది. ఒళ్లు గంటకి ఇంచుమించు 15 చొప్పున కరిగిస్తుంది. నిమ్మకాయ పిండుకున్నా, కాఫీ తాగినా, నెత్తిన బిందెడు నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు.

"రెండు క్వార్టర్లు రాత్రి పదికి వేస్తే, పొద్దున ఎనిమిదికి డ్యూటీకి బండి తీసేటప్పుడు ఎంత ఉంటాదో నువ్వే చెప్పు" అన్నాడు.

వేశాను. వంద దాటింది. మళ్లీ వేశాను. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పాపను ముందు కూర్చోబెట్టుకుని స్కూలు దగ్గర దించి పోయే పొద్దుట పూట. పదేళ్లలో అలాంటి పొద్దులు ఎన్ని ఉంటాయి. పోలీసులు నన్ను రెండుసార్లే పట్టుకున్నారు.

41 రోజులు ఆగగలిగేవాడికి జబ్బెట్లా ఉంటుంది సార్ అని కూడా వాదించాను. "ఆ 41 రోజులు లెక్కపెట్టుకుంటా ఉండేవాడివా?" అన్నాడు. ఉండేవాణ్ణే. క్యాలెండర్లో కొట్టేసేవాణ్ణి. ఆయన ఇంకేమీ అనలేదు.

సెప్టెంబరులో ఆర్డరొచ్చింది. ఏడాది ప్రొబేషన్, మామ జామీను. నెలకోసారి అధికారి ముందర సంతకం. మొదట వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి తిరుపతిలో కౌన్సిలింగ్. చిత్తూరు నుంచి డెబ్బై కిలోమీటర్లు, ఆ రోజు జీతం కోత. పోయిన ప్రతిసారీ ముందు ఊదాలి, తర్వాతే మాట. అన్నీ కలిపితే పదిహేను వేలకు చాలా పైనే అయింది. తేలిగ్గా తప్పించుకున్నావని ఫ్యాక్టరీలో అన్నవాళ్లకు ఈ లెక్క చెబితే నమ్మలేదు.

సరిగ్గా నెల తిరిగేసరికి, 2024 అక్టోబరులో, కొత్త మద్యం పాలసీ వచ్చింది. ప్రైవేటు షాపులు మళ్లీ తెరిచారు. 99 రూపాయల క్వార్టర్ అని ఊరంతా అదే మాట. మా బస్టాపు దగ్గరే ఒకటి వెలిసింది, రంగురంగుల లైట్లతో పెళ్లి పందిరిలాగా. నా కోసమే పెట్టినట్టనిపించింది. కొన్నాళ్లు ముందరి స్టాపులో దిగి నడిచేవాణ్ణి.

ఎనిమిది నెలలు ఆగాను. 2025 మేలో చిత్తూరు నడివీధి గంగమ్మ జాతరలో తప్పాను. వివరం ఏమీ లేదు. చుట్టాలు, మాంసం, ఒకరు గ్లాసు చేతిలో పెట్టారు, పుచ్చుకున్నా. బండి లేదు కాబట్టి ఆటోలో తెచ్చి ఇంట్లో పడేశారు. ఆ రాత్రి మా ఆవిడ 14446కి ఫోన్ చేసింది, మత్తు వదిలించుకోవడానికి సాయం చేసే ప్రభుత్వ నంబరు అది. అరిచి లాభం లేదు, పడుకోనివ్వండి, రేపు పొద్దున ఆసుపత్రికి తీసుకుపొండి అన్నారట. పోయాను. కౌన్సిలర్‌కు చెప్పాను, తర్వాత ప్రొబేషన్ అధికారికీ నేనే చెప్పాను. దాచొచ్చు, వాళ్లెవరూ చూడలేదు. కానీ రెండు రోజుల్లో ఊదాల్సిన వాయిదా ఉంది, దాచే అలవాటు అప్పటికి కొంచెం తప్పింది కూడా.

కోర్టుకు పిలిచారు. ఇక జైలే అనుకుని సబ్బు, బ్రష్షు సంచిలో పెట్టుకుని పోయాను. ఆ చట్టంలో మొదటిసారి షరతు తప్పితే గరిష్ఠంగా యాభై రూపాయల జరిమానా వేసి బాండు కొనసాగించవచ్చు. 1958లో రాసిన యాభై ఇప్పటికీ యాభైయే. మేజిస్ట్రేటు మేడం యాభై వేసింది. "మళ్లీ వస్తే ఈ సెక్షన్ ఉండదు" అంది. ఆటోకు అంతకంటే ఎక్కువిచ్చాను. పదివేలు కట్టి తాగడానికి పోయినవాణ్ణి, యాభై కట్టి మామ మొహం చూడలేక కోర్టు వరండాలో అరగంట కూర్చున్నా.

ఇదే కౌన్సిలర్ సారుతో అంటే ఆయన అమెరికా సంగతి చెప్పాడు. దక్షిణ డకోటా రాష్ట్రంలో 2005లో మొదలుపెట్టారట, తాగి నడిపి మళ్లీ మళ్లీ దొరికేవాళ్లు రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి ఊదాలి. తప్పితే అప్పటికప్పుడు ఒకటి రెండు రోజులు లోపల. ఏళ్ల తరబడి జైలేమీ కాదు, కానీ తప్పించుకోవడం ఉండదు. మన దగ్గర తిరగబడి ఉంది. రెండేళ్లని రాసి పెట్టాం, పట్టుబడేది పదేళ్లకు రెండుసార్లు.

అందరూ ఒప్పుకోరు. మా బావమరిది స్నేహితుణ్ణి తాగిన లారీ డ్రైవరు గుద్ది చంపాడు. "నీలాంటోళ్లని లోపలేసి తాళం పోగొట్టుకోవాల బావా" అన్నాడు నా మొహానే, సంక్రాంతికి సంగటి ముందర కూర్చుని. నేనేమీ వాదించలేదు. ఆ లారీవాడికి నాకిచ్చినది ఇవ్వకూడదనే నేనూ అంటాను. ఆ డ్రైవరుకు మొదటిసారి, ఎవరికీ ఏమీ కానప్పుడు, ఎవరైనా ఊదించి కూర్చోబెట్టి ఆ లెక్క వేయించి ఉంటే అన్నది మాత్రం నా మనసులో ఉంది. బావమరిదితో అనలేదు. అనే అర్హత నాకుందని కూడా అనుకోను.

సెప్టెంబరులో బాండు గడువైపోయింది. కౌన్సిలింగ్‌కు నెలకోసారి ఇప్పటికీ పోతా ఉన్నా. ఆ 142 చీటీ పర్సులోనే ఉంది గానీ అంకె చెరిగిపోయింది, బస్సు టిక్కెట్టు లాంటి కాగితం కదా.

బండి ఇంటి పక్క రేకుల కింద పట్టా కప్పుకుని ఉంది. మా ఆవిడ స్కూటీ నేర్చుకుంది. హైస్కూలు గ్రౌండులో పాపే వెనక పరిగెత్తుతూ నేర్పించింది, మా ఆవిడ లైసెన్సు కూడా తెచ్చుకుంది. పొద్దున నన్ను బస్టాపులో దించుతుంది, రాత్రి షిఫ్టయితే వచ్చి ఎక్కించుకుంటుంది. మొదట్లో ఊళ్లో నవ్వారు, ఇప్పుడు అలవాటైపోయింది. "గట్టిగా పట్టుకో బావా" అంటుంది గుంతలొచ్చినప్పుడు. సరిగ్గా ఆ లైట్ల షాపు ముందరే పెద్ద గుంత ఒకటి ఉంది. ఎంత వేగంగా వచ్చినా అక్కడ స్లో చెయ్యాల్సిందే. పంచాయతీలో రెండుసార్లు చెప్పాం, ఇంకా పూడ్చలేదు.